గొలుసు కట్టిన గుట్ట దారి

సైకిల్ తొక్కాలంటే ముందు కారెక్కాలని నాకు అరవై దాటాక తెలిసింది. పోయిన ఆదివారం పొద్దున్నే మా తమ్ముడి కూతురు షారోన్ మల్కాజ్‌గిరిలో మా అపార్ట్‌మెంట్ కింద నిలబడి హారన్ మోగించింది. బాల్కనీలోంచి చూస్తే కారు వెనక రెండు సైకిళ్ళు పట్టీలతో కట్టి ఉన్నాయి. "ఏందే, ఇల్లు ఖాళీ చేస్తున్నవా?" అని అడిగాను. "దిగు అత్తా, నీకు జెర మంచి గాలి తినిపిస్తా" అంది. ఆ పిల్లకు బేగంపేటలో ఉద్యోగం. వారమంతా ఏసీ గదిలో కుర్చీకి అతుక్కుపోయి, ఆదివారం ఒక్కరోజు ఆ పాపం కడుక్కుంటుంది. రిటైరై ఇంట్లో కూర్చున్న మేనత్తకు కూడా ఆ పాపం అంటుకుందని ఎందుకనుకుందో గానీ, నన్ను ముందు సీట్లో కుదేసి, బెల్టు తనే బిగించి, ఊరు దాటించింది.

చాలాసేపు పోయాక గుట్టలూ చెట్లూ నిండిన ఒక పెద్ద అడవి పార్కు వచ్చింది. గేటు దగ్గర కార్లన్నిటినీ ఆపేశారు. అక్కడి నుంచి నున్నటి తారురోడ్డు గుట్టల చుట్టూ ఎక్కుతూ దిగుతూ చెట్ల మధ్యకు పోతోంది. దాని మీద సైకిల్ తప్ప ఏదీ రాకూడదట, స్కూటర్ కూడా. లోపల జనం మాత్రం తిరునాళ్ళలో ఉన్నట్టు ఉన్నారు. అందరివీ ఒంటికి అంటుకుపోయిన బట్టలు, నల్ల కళ్ళద్దాలు. ఒకాయన తన సైకిల్‌ను రెండు వేళ్ళతో ఎత్తి పక్కాయనకు చూపిస్తున్నాడు. మా కాలంలో సైకిల్ ఎత్తితే నడుము పట్టేది, అదే దాని గొప్ప. ఇప్పుడు ఎంత తేలికైతే అంత గొప్పట. ఇంకొకామె తొక్కడం ఆపి చేతి గడియారం చూసుకుని, తన గుండె ఎలా కొట్టుకుంటోందో అందులో చదువుకుంటోంది. గుండె మన దగ్గరే ఉంది గదమ్మా, చెయ్యి పెట్టి చూసుకోరాదా అని అనబోయి, షారోన్ పరువు తీయడమెందుకని ఊరుకున్నాను.

నా నెత్తి మీద హెల్మెట్ బోర్లించి, గడ్డం కింద పట్టీ బిగించి, సీటు ఎత్తు సరిచేసి, అన్నీ అయ్యాక అప్పుడు అడిగింది షారోన్, "అత్తా, అసలు నీకు సైకిల్ వచ్చా?" అని.

ఇంటి దగ్గర అడగాల్సిన ప్రశ్న అది. దానికి కోపం రాలేదు నాకు, నవ్వొచ్చింది. ఎందుకంటే పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న ఒక ఎండాకాలమంతా మా ఇల్లు ఇదే ప్రశ్న చుట్టూ తిరిగింది. కరుణకు సైకిల్ వచ్చిందా? కరుణకు ఇంకా సైకిల్ రాలేదా? ఆ పార్కులో రాత్రి కురిసిన వానకు తడిసిన ఆకుల వాసన, నీలగిరి చెట్ల వాసన ముక్కుకు తగిలేసరికి నాకు పక్కన షారోన్ కాదు, గంజి పెట్టిన తెల్లచీర ఫెళఫెళలాడించుకుంటూ మా నాయనమ్మ నిలబడినట్టే అనిపించింది.

అప్పట్లో మా ఇల్లు బోయిగూడలో. మూడు గదులు ఒకదాని వెనక ఒకటి, రైలు పెట్టెల వరస. నాన్నది రైల్వే ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం కాబట్టి ఆయనకది సహజంగానే ఉండేది, మాకే ముందుగదిలోంచి వంటింటికి పోవాలంటే మధ్యలో అందరి కాళ్ళూ దాటాలి. అమ్మ చిన్నపిల్లల బడిలో టీచరు. నాన్నను కన్న నాయనమ్మ అంతకుముందే మిషన్ బడిలో టీచరుగా రిటైరైంది, అయినా ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఆమె పేరు పెట్టి పిలిస్తే నాన్నతో సహా అందరం లేచి నిలబడేవాళ్ళం. పుట్టింది గుంటూరు వైపు పల్లెలో, పెళ్ళయి సికింద్రాబాద్ వచ్చింది. కోపమొస్తే గుంటూరు మాట్లాడేది, ప్రేమొస్తే సికింద్రాబాద్. కాబట్టి మేము ఆమె మాటల అర్థం కంటే ముందు అది ఏ జిల్లా భాషో వినేవాళ్ళం. శనివారం సాయంత్రం ఇల్లంతా గంజి వాసన, బొగ్గుల ఇస్త్రీపెట్టె వాసన. మరునాడు చర్చికి కట్టుకోవాల్సిన చీరను ఆమె ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. ఇస్త్రీ అయ్యాక టీ సాసర్లో పోసుకుని, ఊదుకుంటూ తాగుతూ, ఆ చీరను పరీక్ష పేపరు దిద్దినట్టు చూసేది.

ఇక ప్రార్థన. ప్రార్థన లేనిదే మా ఇంట్లో ఎవరూ గడప దాటేది లేదు. నాన్న ఆఫీసుకు పోతే చిన్న ప్రార్థన, అమ్మ బస్సెక్కాలంటే కాస్త పొడుగుది, రైలు ప్రయాణమైతే ఇంజను డ్రైవరు దగ్గర్నుంచి జెండా ఊపే గార్డు దాకా ఎవరినీ వదిలేది కాదు. ఒకసారి ఆ ప్రార్థన పూర్తయ్యేలోపే నాన్న ఎక్కాల్సిన రైలు వెళ్ళిపోయింది. "ఆ రైలు ఎక్కొద్దనే దేవుడు నన్ను అంతసేపు మాట్లాడిపిచ్చిండు" అంది నాయనమ్మ. రైల్వేలో పనిచేసే నాన్న టైంటేబుల్ తీసి తర్వాతి రైలు ఎప్పుడో చూసుకున్నాడు. ప్రార్థన మొదలైతే కళ్ళు మూయాలి, అది చట్టం. తను కళ్ళు మూసుకునే, ఎవరి కళ్ళు తెరిచి ఉన్నాయో ఎలాగో పసిగట్టి, సరిగ్గా ఆ చెవే పట్టుకుని మెలేసేది. అలా పెరిగి పెరిగి, "ప్రేమగల మా తండ్రీ" అన్న మాట చెవిన పడగానే మా రెప్పలు మమ్మల్ని అడక్కుండా పడిపోయేవి. పాలు పొంగుతున్నా అమ్మ స్టవ్ ముందు కళ్ళు మూసుకునే నిలబడేది. పాలు మీద పడి కిరోసిన్ స్టవ్ ఆరిపోయిన వాసన ఉంటుంది చూడండి, నాకు ఇప్పటికీ ప్రార్థన వాసన అంటే అదే.

పదో తరగతి అయ్యాక నాకు లెక్కల గ్రూపు కావాలి. వేరే ఏదీ వద్దు. లెక్క తేలినప్పుడు కలిగే సంతోషం నాకు ఇంకెక్కడా దొరికేది కాదు, చెబితే ఇంట్లో వింతగా చూసేవాళ్ళు. ఇంటికి నడిచి పోయేంత దగ్గర్లో ఒక ఆడపిల్లల కాలేజీ ఉంది గానీ అందులో చరిత్రా, అలాంటివే. లెక్కలున్న కాలేజీ ట్యాంక్‌బండ్ అవతల ఉంది. బస్సులో పంపడానికి నాన్న ఒప్పుకోలేదు. "ఆ ఫుట్‌బోర్డు మీద ఏలాడే పోరగాళ్ళను చూసినవా? నేను మొగోణ్ణి, నాకే తక్లీఫ్ అయితది" అన్నాడు. మరి సైకిల్ మీద పోతానన్నాను. బోయిగూడలో అప్పటికి సైకిల్ తొక్కే ఆడపిల్ల లేదు. నాన్న చాలాసేపు గోడ మీది క్యాలెండర్ చూసి, పాత లేడీస్ సైకిల్ ఒకటి ఎక్కడి నుంచో తెచ్చి, బడి మైదానంలో నాకు నేర్పాడు. వారంలో వచ్చేసింది. రాగానే ఆయనకు భయం పట్టుకుంది. "నాదేం లేదు, మీ నాయనమ్మ నీకు సైకిల్ వచ్చింది అంటే వచ్చినట్టు. ఆమె సరే అంటేనే కాలేజీ" అని చేతులు దులుపుకున్నాడు. ఆఫీసులో పై అధికారికి ఎదురు చెప్పిన మనిషే, ఇంట్లో మాత్రం ఆమె ముందు ఎప్పుడూ మూడో తరగతి దాటలేదు.

నాయనమ్మ పరీక్ష తన పద్ధతిలో పెట్టింది. సందులో కోళ్ళ మధ్య తొక్కడం తొక్కడమే కాదట. పల్లం దిగాలి, అది కూడా వెనక క్యారియర్ మీద మనిషిని కూర్చోబెట్టుకుని దిగాలి. ఆ మనిషి తనే. ఇందుకు ఒక గుట్ట కూడా చూసిపెట్టింది. మారేడుపల్లి దాటి కంటోన్మెంట్ వైపు పోతే, పెద్ద పెద్ద బండరాళ్ళ మధ్య వేపలూ కానుగలూ సీతాఫలం పొదలూ కమ్ముకున్న గుట్ట ఒకటి ఉండేది. పైన నీళ్ళ ట్యాంకు, దానికోసం వేసిన తారురోడ్డు. వారంలో దాని మీద బండ్లు తిరిగేవి, ఆదివారం మాత్రం కింద రెండు స్తంభాల మధ్య ఇనుప గొలుసు కట్టి వదిలేసేవాళ్ళు. మనుషులు వంగి దూరొచ్చు, సైకిల్ పడుకోబెట్టి దూర్చొచ్చు. అంత మంచి రోడ్డు, దాని మీద ఒక్క బండి లేదు, ఒక్క హారన్ లేదు, పక్షులూ మేకలూ తప్ప. ఇప్పుడు దీనికోసం జనం కార్లెక్కి ఊరు దాటుతున్నారు, అప్పుడు అది మారేడుపల్లి పక్కనే ఉండేది.

మొదటి ఆదివారం తెల్లవారుతుండగా బయల్దేరాం. మా వీధి మల్లయ్య రిక్షాలో నాయనమ్మ, వెనక సైకిల్ మీద నేను. ఎనిమిదిన్నర ఆరాధనకు తిరిగి రావాలని ఆమె ఆజ్ఞ. గొలుసు దగ్గర రిక్షా ఆపి మల్లయ్య మొహం మీద తువ్వాలు కప్పుకుని పడుకున్నాడు. మేము గొలుసు కింద దూరి, సైకిల్ తోసుకుంటూ పైదాకా ఎక్కాం. పైకి చేరాక నాయనమ్మ చీర కుచ్చెళ్ళు దోపుకుని, క్యారియర్ మీద ఒక పక్కకు కూర్చుని, నా నడుము పట్టుకుంది. "పోనియ్" అంది. నా కాలేజీ అంతా ఆ పల్లంలో ఉందని నాకు తెలుసు. బ్రేకుల మీద వేళ్ళు పెట్టి, పెదవి కొరుక్కుని, పోనిచ్చాను. మొదటి మలుపు బాగానే తిరిగాను. రెండో మలుపు దగ్గర సైకిల్ వేగం అందుకుంది, చల్లగాలి మొహాన కొట్టింది. వెనక నుంచి ఆమె గొంతు వినబడింది, "ప్రేమగల మా తండ్రీ..."

నా కళ్ళు మూసుకుపోయాయి.

ఎంతసేపు అలా పోయామో నాకు తెలియదు, చూడలేదు గదా. నాయనమ్మ, "ఈ బిడ్డను ఈ వాహనాన్ని" అనేదాకా వచ్చింది, అంతలో రోడ్డు ఎడమకు తిరిగింది, మేము తిరగలేదు. పెద్ద తంగేడు పొద మమ్మల్నిద్దరినీ సైకిల్‌తో సహా లోపలికి తీసుకుంది. విచిత్రమేమిటంటే ప్రార్థన ఆగలేదు. ఆమె పొదలో కూలబడి ఉండగానే, తప్పించిన అపాయానికి కృతజ్ఞతలు కూడా కలుపుకుని, నింపాదిగా ముగించింది. ఆమె నెత్తి నిండా పసుపు పూలున్న సంగతి ఆమేన్ తర్వాత గానీ నాకు కనిపించలేదు, ఎందుకంటే అప్పటిదాకా నేనూ కళ్ళు తెరవలేదు.

"కళ్ళెందుకు మూశావే?" అంది. గుంటూరు. నా పని అయిపోయిందనుకున్నాను.

"నువ్వు ప్రార్థన షురూ చేసినవ్ గద నాయనమ్మా."

"సైకిల్ మీద కూడా మూసుకుంటారా ఎవరన్నా?"

"సైకిల్ మీద మూయొద్దని నువ్వు ఎప్పుడు చెప్పినవ్?"

చెప్పని పాఠంలో తప్పు పట్టకూడదన్నది బడిలో ఆమె పెట్టుకున్న నియమం. ఆమె భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తోందనుకుని భయపడ్డాను. కాదు, నవ్వుతోంది. పొదలో కూర్చుని, పమిటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆమె అలా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. నవ్వు తగ్గాక లేచి చీర దులుపుకుని, సైకిల్‌ను లేపి, గంట రెండుసార్లు మోగించి చూసింది. రోడ్డు పైకీ కిందికీ పారజూసింది.

"ఈడికి ఎవరన్న వస్తరా?"

"మేకలొస్తయి."

"మేకలు చర్చికి రావులే" అంది. సికింద్రాబాద్ భాషలోకి వచ్చేసింది. "జెర పట్టుకో."

"ఏం పట్టుకోవాలె?"

"సైకిల్ పట్టుకోవే. నేనెక్కుత."

ఆమెకు అప్పటికే అరవై దాటాయి. తొక్కలేక తొక్కలేక, నాతో సీటు పట్టించి పక్కన ఉరికిస్తూ, చదునుగా ఉన్న ముక్క మీద ఈ చివర నుంచి ఆ చివరకు పోయింది. ఆయాసం తీర్చుకుంటూ రాతి మీద కూర్చుని అప్పుడు చెప్పింది. గుంటూరు వైపు కొత్తగా టీచరైనప్పుడు, మిషన్ దొరసాని పల్లెబడులు చూడటానికి సైకిల్ మీద పోయేదట. ఆమె పుస్తకాల సంచి పట్టుకుని నాయనమ్మ వెనక నడవాలి. "పల్లం వచ్చినప్పుడల్లా ఆమె కాళ్ళు పెడళ్ళ మీంచి తీసేసేది. నేను సంచి పట్టుకుని ఎనక ఉరికేదాన్ని. ఆ కాళ్ళు ఎందుకు తీస్తదో, అట్ల తీస్తే ఎట్లుంటదో, చూడాలని ఉండె" అంది. ఆ రోజు గొలుసు దాకా ఇద్దరం సైకిల్ తోసుకుంటూనే దిగాం.

ఇంటికొచ్చాం. నాన్న వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. "ఏమైందమ్మా? వచ్చినట్టేనా?" అని అడిగాడు.

నాయనమ్మ చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, "రాలే. ఇంకా నేర్వాలె. వచ్చే ఆదివారం మళ్ళ తీస్కపోత" అంది.

పొదలో పడ్డాను కాబట్టి ఆ వారానికి నాకు మాట్లాడే హక్కు లేదనుకున్నాను. రెండో ఆదివారం ఆమెను వెనక కూర్చోబెట్టుకుని పైనుంచి కింది దాకా చుక్క తొణక్కుండా దించాను. దారి పొడుగునా ఆమె నోరు తెరవలేదు, పెదవులు మాత్రం కదుపుకుంది. తర్వాత తన వంతు. ఇంటికొచ్చి, "రాలే" అంది. మూడో ఆదివారం, "జెర జెర వస్తున్నది, కానీ రాలే" అంది. అప్పటికి నాకు అర్థమైంది. నాకు వచ్చింది అన్న మరుక్షణం గుట్ట బంద్. ఇంట్లో, వీధిలో, సంఘంలో ఎవరికీ చెప్పకుండా ముసలమ్మ సైకిల్ నేర్చుకోవడానికి ఉన్న ఒకే ఒక్క సాకు నా మొద్దుతనం.

ఆ సాకుతో నా పరువు ఏమైందో చెప్తాను. నాయనమ్మకు తొక్కడం త్వరగానే పట్టుబడింది, దిగడం మాత్రం రాలేదు. సైకిల్ ఆగేసరికి కొయ్యబారిపోయి, "కరుణా!" అని అరిచి, బియ్యం బస్తా జారినట్టు నా మీదికి వచ్చేది. కాబట్టి బ్రేకు నేనే. ఆ దెబ్బలకు నా మోచేతులూ మోకాళ్ళూ కమిలిపోతే, అమ్మ కొబ్బరినూనె రాస్తూ, "పాపం, ఎన్నిసార్లు పడ్తున్నవే" అని కళ్ళనీళ్ళు పెట్టుకునేది. పక్కన కూర్చుని నాయనమ్మ, "నేర్వాలంటే పడాలె మరి" అని నిమ్మకు నీరెత్తినట్టు టీ ఊదుకునేది. నాకు సైకిల్ రావట్లేదని తమ్ముడు వీధంతా చాటింపు వేశాడు. చర్చిలో ఆడవాళ్ళు ఆరాధన అయ్యాక నా గడ్డం పట్టుకుని, "కొందరికి రాదమ్మా, ఏం చేస్తాం, కుట్టుపని నేర్చుకో" అని ఓదార్చేవాళ్ళు. లెక్కల్లో బడి మొత్తానికి మొదట వచ్చిన పిల్లను, సైకిల్ రాని పిల్లనని సికింద్రాబాద్ సగం నా కోసం ప్రార్థించింది. పైగా నాయనమ్మ ఒక ఆదివారం పాస్టర్‌గారిని ఆపి, కళ్ళు తెరిచి ప్రార్థన చేస్తే చెల్లుతుందా చెల్లదా అని నిలదీసింది. ఆయన వాక్యం వెతికి చెప్తానని పోయి, ఆ తర్వాత ఆమె కనిపిస్తే పక్క ద్వారం నుంచి వెళ్ళేవాడు.

ఇదంతా ఓర్చుకున్నాను. కానీ ఒక సాయంత్రం నాన్న ఆఫీసు నుంచి వస్తూ ఆ దగ్గరి కాలేజీకి పోయి విచారించి వచ్చాడు. "చరిత్ర సుత మంచిగనే ఉంటదట బేటా" అన్నాడు నా మొహం చూడకుండా. ఆ ఆదివారం గుట్ట మీద నేను సైకిల్ పట్టుకోలేదు. గొలుసు దాటగానే నిలబడిపోయాను.

"నాయనమ్మా, నాకు సైకిల్ వచ్చు. రానిది నీకు."

"ఎవరు కాదన్నరే?"

"మరి ఇంట్ల రాదని ఎందుకు చెప్తున్నవ్? నాన్న నన్ను చరిత్రల వేస్తుండు. లెక్కలు లేకుంటే నేను కాలేజీకే పోను."

ఆమె నన్ను చూసింది. "చరిత్రల వేస్తుండా?" అంది మెల్లగా. "నాకు చెప్పలే." రోడ్డు పైకి చూసింది. ఎండ అప్పుడే కానుగాకుల మీద పడుతోంది. "ఇయ్యాల ఒక్కసారి ఆ పల్లం పోనిస్తవా? దించుడు నువ్వే దించు" అంది. సరేనన్నాను. పైకి తోసుకుంటూ పోయి ఎక్కించాను. చిన్న పల్లమే, బ్రేకు వేయడం అప్పటికి ఆమెకు వచ్చు. నేను పక్కనే ఉరుకుతున్నాను. మధ్యలో ఆమె రెండు కాళ్ళూ పెడళ్ళ మీంచి తీసి, ఇటొకటి అటొకటి, గాలిలోకి చాచింది. ఆ తెల్లచీర, ఆ నల్ల తోలు చెప్పులు, ఆ మొహం. కింద చేరాక ఎప్పటిలాగే నా మీద పడింది.

పోయిన ఆదివారం షారోన్ తీసుకెళ్ళిన పార్కులో నేనూ కాళ్ళు తీసి చూశాను. మేనకోడలు ఫోనులో వీడియో తీస్తూ, "అత్తా, కాళ్ళు! కాళ్ళు పెట్టు!" అని కేకలు వేసింది. అక్కడే ఒక మలుపు దగ్గర, నా వయసే ఉంటుంది, జరీ అంచు చీర కట్టుకుని పైన హెల్మెట్ పెట్టుకున్న ఒకామెకు ఆమె కొడుకు సైకిల్ నేర్పుతున్నాడు. ఆమె "పడిపోత రా, పడిపోత రా" అంటూ పకపకా నవ్వుతోంది. పక్క నుంచి పోయే కుర్రాళ్ళు "సూపర్ ఆంటీ!" అని అరిచి పోతున్నారు. ఎవరూ ఆగి వింతగా చూడటం లేదు, ఇంటికి పోయి ఎవరికీ చెప్పరు. పొద్దుటి నుంచీ ఆ గడియారాలనూ ఆ బిగుతు బట్టలనూ ఎగతాళి చేస్తున్నాను గానీ, ఈ ఒక్క విషయంలో ఈ కాలం మా కాలం కంటే మంచిదని ఒప్పుకోవాలి. మాకు ఆ గొలుసు కావాల్సి వచ్చింది బండ్లు రాకుండా మాత్రమే కాదు. నాకు ఏడుపొచ్చింది. ఏమైందని షారోన్ అడిగితే హెల్మెట్ పట్టీ బిగుతుగా ఉందని చెప్పాను.

ఆ చిన్న పల్లం దిగిన ఆదివారమే, చర్చికి బయల్దేరే ముందు, అందరం ఉప్మా తింటున్నాం. నాయనమ్మ ఇంకా గుట్ట చీరలోనే ఉంది. నాన్న ప్లేటు పక్కన పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, కాలేజీల దరఖాస్తులు రేపటితోని బంద్. ఇయ్యాల తేలిపోవాలె. పిల్లకు సైకిల్ వచ్చిందా, రాలేదా?"

"వచ్చింది" అంది నాయనమ్మ.

అందరం తలలెత్తాం.

"మంచిగ వచ్చింది. ఎప్పుడో వచ్చింది. నేనే జెర గట్టిగ పరీక్ష పెట్టిన. దాన్ని లెక్కలల్ల చేర్పియ్యి. ఇంక గుట్టకు పోవుడు అక్కర్లేదు."

అమ్మ స్తోత్రం అంది. తమ్ముడు ఈల వేశాడు. నాన్న మొహంలో ఎంత సంతోషమో. నేను ఎగిరి గంతేయాలి, వారాల తరబడి ఆ మాట కోసమే గదా నా ఒళ్ళు హూనం చేసుకుంది. కానీ నాయనమ్మ ప్లేటు ముందు కూర్చుని, చీర చక్రంలో పడకుండా కుచ్చెళ్ళకు గుచ్చుకున్న పిన్నీసులు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెడుతోంది. తొందరేమీ లేదు. ఒకటి తీసి దాని మూతి బిగించి పెట్టడం, ఇంకొకటి తీయడం. ఆమెకింకా దిగడం రాలేదని ఆ బల్ల దగ్గర నాకొక్కదానికే తెలుసు.

"నాన్నా" అన్నాను. "నాకు సోమవారం నుంచి శనివారం దాకే వస్తది. ఆదివారం రాదు."

తమ్ముడికి ఉప్మా పొలమారింది. నాన్న నన్ను చూసి, నాయనమ్మను చూసి, మళ్ళీ నన్ను చూశాడు.

"ఏందే? ఆరు రోజులు వచ్చిన సైకిల్ ఏడో రోజు ఎట్ల రాకుండ పోతదే?"

"ఏమో. ఆదివారం నాయనమ్మ లేకుంటే పడ్త."

"అమ్మా, ఏందిది? ఏం తమాషా నడుస్తున్నది?"

నాయనమ్మ చేతిలో పిన్నీసు అట్లాగే ఆగిపోయింది. నా వైపు చూసింది. తర్వాత క్లాసులో పాఠం చెప్పేటప్పుడు పెట్టే మొహం పెట్టి, వీపు నిటారుగా చేసుకుని కూర్చుంది.

"ఏడో రోజు దేవుడే పని బంద్ పెట్టిండు. పిల్లెంతరా?" అంటూ ఆ పిన్నీసును మళ్ళీ కుచ్చెళ్ళకు గుచ్చుకుంది.

నాన్న అమ్మ వైపు తిరిగి, చట్నీ ఇటు ఇయ్యమన్నాడు.